బాడీ కట్టించుకోవాలా, కట్టిన బండి కొనుక్కోవాలా?

మూడేళ్లకోసారి బదిలీ అయ్యే మన బ్యాంకు కుటుంబాలకు చక్రాల మీద ఇల్లు కొత్తేమీ కాదు. బీరువా, గ్రైండరు, తులసి కుండీ లారీ ఎక్కించి, వెనకాలే మనం రైలెక్కుతాం. నేను జంషెడ్‌పూర్ వచ్చిందీ అలాగే. వచ్చిన రెండో ఏడాది, నిజంగానే చక్రాల మీద ఇల్లు కొనాలన్న ఆలోచన మా ఇంట్లో మొదలైంది.

కొనాలనుకున్నది మా బావగారు, మావారి అన్నయ్య. ఇక్కడి స్టీలు ప్లాంటులో ముప్పై ఆరేళ్లు పనిచేసి రిటైరయ్యారు. ఒక ఆదివారం బిష్టుపూర్ రామాలయంలో దర్శనం చేసుకుని మా క్వార్టర్‌కి వచ్చి, టీ కూడా తాగకుండా బల్ల మీద ఒక ఫైలు పెట్టారు.

"నువ్వు రోజూ లోన్లు చూసేదానివి కదమ్మా, ఇదొకసారి చూసిపెట్టు. తమ్ముడికి ఇంకా చెప్పలేదు. ఇందులో నా పీఎఫ్‌లో సగం పైనే ఉంది."

ఫైల్లో రెండు కొటేషన్లున్నాయి. మొదటిది ఒక బాడీ బిల్డరు ఇచ్చింది. కొత్త వ్యాను ఛాసిస్ కొంటే, దాని మీద మనం కోరినట్టు ఇల్లు కట్టిస్తాడు. తోలు సోఫాలు, పెద్ద టీవీ, గ్రానైట్ గట్టుతో వంటగది, పైకప్పులో నక్షత్రాల్లా మెరిసే దీపాలు. రెండోది ఫ్యాక్టరీలో ఒకే నమూనాలో వరసగా తయారయ్యే మోటార్ హోమ్. దాంట్లో నక్షత్రాలు లేవు, గ్రానైట్ లేదు, ధర కూడా కొంత తక్కువే.

బావగారు విలాసాల మనిషి కాదు, ఇప్పటికీ మార్కెట్‌కి సైకిల్ మీదే వెళ్తారు. ఇదంతా అత్తయ్య కోసం. ఆమెకు ఎనభై ఒకటి. తుంటి ఎముక విరిగాక వీల్‌చెయిర్‌కే పరిమితమైంది. శ్రీకాకుళం దగ్గర సొంత ఊరు చూసి నాలుగేళ్లయింది. రైల్లో బాత్రూముకు వెళ్లలేదు, కార్లో గంటల తరబడి కూర్చోలేదు. డాక్టరు దగ్గరికి బయల్దేరాలన్నా ముందురోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం మానేస్తుంది. "దారిలో ఎవరినీ ఇబ్బంది పెట్టకూడదు కదే" అంటుంది. ఆ మాట విన్నాకే బావగారు ఈ ఫైలు తయారు చేశారు.

అందుకని నెల రోజులు ఈ రెండు కొటేషన్లనూ లోను ప్రతిపాదన చూసినట్టే చూశాను. అప్పుడు తెలుసుకున్నది మన కుటుంబాల్లో మరికొందరికి పనికొస్తుందని రాస్తున్నాను. రిటైరయ్యాక దేశం తిరగాలన్న కోరిక మనలో చాలామందికి ఉంది కదా!

సగం బండ్లు పుట్టే ఊరు

ఈ విషయం అర్థం చేసుకోవడానికి జంషెడ్‌పూర్ కంటే మంచి ఊరు దొరకదు. ఇక్కడ 1945లో రైలింజన్ల తయారీ కోసం టెల్కో మొదలైంది. 1954లో జర్మనీకి చెందిన డైమ్లర్ బెంజ్ సహకారంతో లారీల తయారీకి దిగింది. 2003లో టాటా మోటార్స్ అని పేరు మార్చుకుంది. ఊళ్లో పెద్దవాళ్లు మాత్రం ఆ ప్రాంతాన్ని ఇప్పటికీ టెల్కో అనే అంటారు.

లారీల ఛాసిస్‌లు రోడ్డు మీద వెళ్లడం మీరూ చూసే ఉంటారు. ఇంజను, చక్రాలు, స్టీరింగు, పొడవాటి ఇనుప చట్రం, అంతే. క్యాబిన్ కూడా లేని ఛాసిస్ అయితే డ్రైవరు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఎండకూ గాలికీ ఎదురుగా ఒక తాత్కాలికపు సీటు మీద కూర్చుని వందల కిలోమీటర్లు తోలుకెళ్తాడు. అది సగం బండి. మిగతా సగం బాడీ కట్టే షెడ్డులో తయారవుతుంది. మన విజయవాడ ఆటోనగర్, తమిళనాడులోని కరూర్ ఇలా బాడీలు కట్టి పేరు తెచ్చుకున్నవే. ఇంజను ఒకరిది, బాడీ ఇంకొకరిది అనే పద్ధతి మన దేశంలో పాతదే. కస్టమ్ మోటార్ హోమ్ ఆ పద్ధతికి చివరి మెట్టు.

వేరే దేశాల్లోనూ కథ ఇలాగే మొదలైంది. ఇప్పుడు అమెరికాలో అత్యంత ఖరీదైన కస్టమ్ మోటార్ హోమ్‌లలో చాలావాటిని కెనడాకు చెందిన ప్రెవో కంపెనీ బస్సు డొల్ల మీద కడతారు. ఆ కంపెనీ మూలపురుషుడు యూజీన్ ప్రెవో ఒక వడ్రంగి. చర్చిలకు బెంచీలు, బడులకు సామాను చేసేవాడు. 1924లో ఒక లారీ ఛాసిస్ మీద బస్సు బాడీ కట్టిపెట్టమని అడిగితే కట్టాడు. ఈనాటికీ ప్రెవో బస్సు డొల్ల వరకే తయారుచేసి ఇస్తుంది. లోపల ఇల్లు కట్టేవాళ్లు వేరే ఉంటారు.

రెండో దారి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఫారెస్ట్ సిటీ అనే చిన్న ఊరి నుంచి వచ్చింది. అక్కడి విన్నెబాగో కంపెనీ 1966లో మోటార్ హోమ్‌లను కార్లలాగా అసెంబ్లీ లైను మీద తయారు చేయడం మొదలుపెట్టింది. ఒకే కొలత, ఒకే నమూనా కావడంతో ధర తగ్గింది, మధ్యతరగతికి అందింది. అమెరికాలో చాలామంది ఏ కంపెనీ మోటార్ హోమ్‌నైనా విన్నెబాగో అనేసేంతగా ఆ పేరు పాతుకుపోయింది, మనం వనస్పతిని డాల్డా అన్నట్టు.

మనకు తెలిసిన రథం

తెలుగువాళ్లకు బాగా తెలిసిన కస్టమ్ బండి ఒకటుంది. రాజకీయాలు పక్కనపెట్టి బండి వరకే చూద్దాం. 1982లో ఎన్.టి. రామారావు గారు పాత షెవర్లే వ్యానును తన ప్రచారానికి తగ్గట్టు మార్పించి, చైతన్య రథం అని పేరు పెట్టి రాష్ట్రమంతా తిరిగారు. నడిపింది ఆయన కుమారుడు హరికృష్ణ. పైకెక్కి నిలబడి మాట్లాడటానికి వీలుండాలి, నెలల తరబడి తిరిగేటప్పుడు విశ్రాంతికి లోపల చోటుండాలి. ఆ అవసరం అప్పట్లో ఏ ఫ్యాక్టరీ మోడలూ తీర్చేది కాదు. రోడ్డు పక్కన చెట్టుకింద ఆయన స్నానం చేస్తున్న ఫొటోలు ఆ తరం వాళ్లకు ఇప్పటికీ గుర్తే.

ఆ బండిలో విలాసం లేదు. అది ఒక్క మనిషి ఒక్క అవసరానికి కొలిచి కట్టింది. కస్టమ్ అనే మాటకు సరైన అర్థం అదే. బావగారి కొటేషన్‌లో సోఫాలు, నక్షత్రాలు ఉన్నాయి గాని అత్తయ్య కొలతలు ఎక్కడా లేవు. ఆ సంగతి నాకు వెంటనే తట్టలేదు. ముందు బరువు దగ్గర ఆగిపోయాను.

కాటా చెప్పే నిజం

ప్రతి బండికీ మనుషులు, సామానుతో కలిపి ఇంతకు మించకూడదని ఒక మొత్తం బరువు ఉంటుంది. అది ఆర్సీలో రాసి ఉంటుంది. అందులోంచి ఖాళీ బండి బరువు తీసేస్తే మనకు మిగిలేది చాలా తక్కువ. బావగారు ఎంచుకున్న వ్యానుకు మిగిలింది 1,400 కిలోలు. కొటేషన్ ముందు పెట్టుకుని కాగితం మీద లెక్క వేశాం.

18 మిల్లీమీటర్ల ప్లైవుడ్, ఎనిమిదడుగులు బై నాలుగడుగుల షీటు దాదాపు 35 కిలోలు ఉంటుంది. కొటేషన్‌లో 14 షీట్లున్నాయి, అంటే 490 కిలోలు. పది చదరపు అడుగుల గ్రానైటు 45 కిలోలు. 200 లీటర్ల నీళ్లంటే 200 కిలోలు. నాలుగు పెద్ద ఇన్వర్టర్ బ్యాటరీలు, ఒక్కోటి 55 కిలోల చొప్పున 220. అయిదుగురు మనుషులు 325. మొత్తం 1,280 కిలోలు. సోఫాలు, ఫ్రిజ్, ఏసీ, టీవీ, గ్యాసు, వీల్‌చెయిర్, బట్టలు, ఊరికి పట్టుకెళ్లే సామాను, వచ్చేటప్పుడు ఊరివాళ్లు కట్టిచ్చే బియ్యం మూట ఇంకా లెక్కలోకి రానే లేదు. బావగారు పెన్ను కిందపెట్టి, "ప్లాంటులో క్రేన్ మీద లోడు రాయకుండా ఒక్కరోజు పని చేయలేదమ్మా, ఇక్కడ ఎలా మర్చిపోయాను?" అన్నారు.

ఇది కాగితం లెక్కతో అయిపోయే విషయం కాదు. మా ఖాతాదారు ఒకాయన సొంతంగా కట్టించుకున్న క్యారవాన్‌కు వెనక టైర్లు ఏడాదిలో రెండుసార్లు పేలాయి. టైర్ల కంపెనీని తిట్టుకుంటూ వచ్చారు. ఆదిత్యపూర్‌లో వేబ్రిడ్జి ఎక్కించి చూడమన్నాను. ముందు చక్రాలు, వెనక చక్రాలు విడివిడిగా తూయిస్తే, వెనక ఇరుసు మీద ఉండాల్సిన దానికంటే 400 కిలోలు ఎక్కువ ఉంది. నీళ్ల ట్యాంకు, బ్యాటరీలు, వంటగది అన్నీ వెనకే పెట్టారు. బరువు వెనక్కి చేరితే ముందు చక్రాల పట్టు తగ్గి స్టీరింగు తేలిపోతుంది. పైకి చేరితే, అంటే నెత్తిమీద అలమారాలు, టాపు మీద ట్యాంకు ఉంటే, మలుపులో బండి ఒరుగుతుంది.

ఫ్యాక్టరీ మోడల్ ఇక్కడ గెలుస్తుంది. ఏ వస్తువు ఎక్కడ పెడితే ఇరుసుల మీద ఎంత బరువు పడుతుందో ముందే లెక్కకట్టి, నమూనా బండిని పరీక్షించి తర్వాత అమ్ముతారు. వాళ్ల అలమారాలు మనకు నాసిగా, డొల్లగా అనిపించడానికి కారణం చాలాసార్లు పిసినారితనం కాదు. బరువు తగ్గించాలి కాబట్టి అలా చేస్తారు. ఇంట్లో చెక్క బరువుగా ఉంటే గట్టిదంటాం, బండిలో అదే భారం.

కరెంటూ గ్యాసూ

కొటేషన్‌లో "రాత్రంతా ఏసీ" అని ఉంది. దీన్నీ లెక్కకే అప్పగించాం. 12 వోల్టుల 150 ఆంపియర్-అవర్ బ్యాటరీలో ఉండేది 1,800 వాట్-అవర్‌లు. మామూలు లెడ్ యాసిడ్ బ్యాటరీ పదికాలాలు ఉండాలంటే అందులో సగానికి మించి వాడకూడదు. అంటే 900. ఇలాంటివి నాలుగైతే 3,600. ఒక టన్ను ఏసీ నడుస్తున్నప్పుడు దాదాపు 1,000 వాట్లు లాగుతుంది. కంప్రెసర్ మధ్యమధ్యలో ఆగుతుందనుకున్నా తెల్లవారేదాకా రాదు. లిథియం బ్యాటరీలైతే బరువు తక్కువ, వాడుకోదగ్గ కరెంటు ఎక్కువ, ధర కూడా ఎక్కువే. లేదంటే జనరేటరు పెట్టాలి, లేదా రాత్రి ఆగిన చోట ప్లగ్గు దొరకాలి. కేరళ ప్రభుత్వం 2021లో క్యారవాన్ టూరిజం విధానం తెచ్చినప్పుడు బండ్లతోపాటు అవి ఆగే పార్కుల గురించి కూడా ఆలోచించింది ఇందుకే. ఆగడానికి చోటు, నీళ్లు, కరెంటు, మురుగు వదలడానికి ఏర్పాటు లేకపోతే ఎంత మంచి బండైనా పెద్ద సైజు కారే.

గ్యాసు మాట ఇంకా ముఖ్యం. వంటగ్యాసు గాలికంటే బరువైనది, లీకైతే నేలబారుగా పరుచుకుంటుంది. అందుకే సిలిండరు పెట్టే అర లోపలి గదికి పూర్తిగా మూసి ఉండాలి, దాని అడుగున బయటికి రంధ్రం ఉండాలి. తలుపులు మూసుకుని పడుకునే చోట జనరేటరు పొగ లోపలికి రాకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, కాబట్టి అలారం తప్పనిసరిగా పెట్టించాలి. తోలు సోఫా అందరికీ చూపిస్తారు, వైర్ల మీద ఫ్యూజులు ఎక్కడున్నాయో మనం అడిగితేనే చూపిస్తారు. అడగండి.

ఆర్సీలో ఏముంది?

షూటింగుల్లో హీరోలు కూర్చునే బండ్ల వల్ల మనం దేన్నైనా క్యారవాన్ అనేస్తాం. నిబంధనల ప్రకారం మోటార్ క్యారవాన్ అంటే కూర్చోవడానికి సీట్లు, బల్ల, పడుకునే ఏర్పాటు, వంట వసతి, సామాను పెట్టుకునే చోటు, ఇవన్నీ బండికి గట్టిగా బిగించి ఉన్న వాహనం. దీనికి ఏఐఎస్-124 అని ప్రత్యేక ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ వంటి గుర్తింపు పొందిన సంస్థ నమూనాను పరీక్షించి టైప్ అప్రూవల్ ఇవ్వాలి. ఫ్యాక్టరీ మోడల్ ఈ కాగితంతోనే వస్తుంది. కస్టమ్ కట్టే వారిలో ఈ కాగితం ఉన్నవాళ్లూ ఉంటారు, "ఆర్టీవో దగ్గర మేం చూసుకుంటాం సార్" అనేవాళ్లూ ఉంటారు. రెండో రకం వాళ్ల దగ్గర అడ్వాన్సు ఇవ్వకండి.

పాత వ్యాను కొని లోపల మార్పించుకుంటే చవక కదా అని బావగారూ అడిగారు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలోని వివరాలకూ తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి జరిగిన సవరణలో శారీరక వైకల్యం ఉన్నవారి కోసం, షరతులకు లోబడి, బండిని అనువుగా మార్చుకునే వెసులుబాటు ఇచ్చారు. ఇంట్లో అలాంటివారు ఉన్న కుటుంబాలు ఈ సంగతి తెలుసుకుని, ముందుగా ఆర్టీవో కార్యాలయంలో అడిగి చేయించుకోవాలి. సొంతానికి వాడే బండికీ, అద్దెకు తిప్పే బండికీ రిజిస్ట్రేషను, పన్ను వేరువేరుగా ఉంటాయని కూడా గుర్తుంచుకోండి.

బ్యాంకు కంటితో చూస్తే

ఫ్యాక్టరీ మోడల్‌కు ఒక ఇన్వాయిస్, ఒక ధర, ఒక వారంటీ. ఆర్సీలో హైపోథికేషన్ రాయించుకుంటే మన పని సులువు. కస్టమ్ బండికి ఛాసిస్ ఇన్వాయిస్ ఒకటి, బాడీ ఇన్వాయిస్ ఒకటి. ఛాసిస్ వచ్చిన రోజు నుంచీ వాయిదాలు మొదలవుతాయి, బాడీ పూర్తయ్యేది షెడ్డువాడి దయ. అందుకే బాడీ డబ్బు ఒకేసారి చేతికివ్వకుండా పని జరిగేకొద్దీ దశలవారీగా ఇవ్వాలి. ఆఖరి విడత రిజిస్ట్రేషను అయ్యాకే. ఛాసిస్‌లో తేడా వస్తే బాడీవాడి తప్పని కంపెనీ, కంపెనీ తప్పని బాడీవాడు అనకుండా ఎవరి బాధ్యత ఎంతవరకో ముందే రాయించుకోవాలి.

అమ్మేటప్పుడు తేడా ఇంకా బాగా తెలుస్తుంది. మనం ముచ్చటపడి పెట్టించుకున్న నక్షత్రాల కప్పుకు కొనేవాడు విలువ కట్టడు. అందరికీ తెలిసిన మోడల్‌కు మార్కెట్లో ఒక అంచనా ఉంటుంది. ఒక్కటే ఉన్న బండికి ఆ అంచనా ఉండదు. లోపల బిగించిన ప్రతి వస్తువునూ ఇన్సూరెన్సు ప్రతిపాదనలో చూపించాలి, చెప్పని మార్పుల వల్ల క్లెయిమ్ దగ్గర పేచీ రావచ్చు.

బావగారిని నిజంగా ఆలోచనలో పడేసింది మాత్రం ఇంకో లెక్క. సులువుగా ఉండటానికి బండి ధర 30 లక్షలు అనుకుందాం. ఆ డబ్బు 7 శాతం వడ్డీకి డిపాజిట్‌లో ఉంటే ఏడాదికి 2,10,000 వస్తుంది. బండి విలువ ఏడాదికి పదో వంతు తగ్గుతుందనుకుంటే ఇంకో 3,00,000. మొత్తం 5,10,000. మనం ఏడాదికి 30 రాత్రులు అందులో పడుకుంటే రాత్రికి 17,000 రూపాయలు. డీజిలు, ఇన్సూరెన్సు, పన్ను, మరమ్మతులు ఇంకా కలపలేదు. ఏడాదికి 200 రాత్రులు తిరిగేవాళ్లకైతే అదే లెక్క రాత్రికి 2,550కి దిగుతుంది. అందుకని కస్టమా ఫ్యాక్టరీయా అని అడిగే ముందు, ఏడాదికి ఎన్ని రాత్రులు అని అడగాలి.

అత్తయ్య పరీక్ష

ఇన్ని లెక్కలయ్యాక, ఎవరి కోసం కొంటున్నామో ఆమెనే అడగలేదని మావారికి తట్టింది. అప్పటికి ఆయనకూ విషయం చెప్పేశాం. కలకత్తా నుంచి ఒక ఫ్యాక్టరీ మోడల్ మోటార్ హోమ్‌ను రెండు రోజులకు అద్దెకు తెప్పించాం. డిమ్నా చెరువు దగ్గర, దల్మా కొండలు కనిపించే చోట ఆపాం.

మొదటి ఇబ్బంది ఎక్కడమే. ర్యాంప్ వేస్తే సరిపోతుందనుకున్నాం. వీల్‌చెయిర్‌ ర్యాంప్ ఒక అడుగు ఎత్తుకు పన్నెండడుగుల పొడవుండాలని భవనాలకు ఒక ప్రమాణం ఉంది. బండి అడుగు నేల నుంచి 70 సెంటీమీటర్ల ఎత్తుంటే, ఆ లెక్కన 8 మీటర్లకు పైగా ర్యాంప్ కావాలి. అది బండికంటే పొడుగు! ఇలాంటి చోట లిఫ్టే మార్గం. ఆ రోజుకు కొడుకులిద్దరూ కుర్చీతో సహా ఎత్తి లోపల పెట్టారు.

రెండో ఇబ్బంది బాత్రూము. టేపు పెట్టి కొలిచాను. అత్తయ్య కుర్చీ వెడల్పు 63 సెంటీమీటర్లు, తలుపు 52. బావగారు కస్టమ్ కొటేషన్‌లోని డ్రాయింగు తీశారు. అందులో తలుపు 75 ఉంది, కాని గడప దగ్గర ఆరంగుళాల మెట్టుంది. కింద మురుగు ట్యాంకు కాబట్టి మెట్టు తీయడం కుదరదని బిల్డరు ఫోన్లో చెప్పాడు. అంటే ఇద్దరి దగ్గరా మా ఇంటి అవసరం తీరలేదు. ఫ్యాక్టరీవాళ్లు సగటు మనిషిని దృష్టిలో పెట్టుకున్నారు. కస్టమ్ కట్టేవాడు మేం అడిగింది గీశాడు, మేం అడగాల్సింది అడగలేదు.

అత్తయ్య బండంతా కలయజూసి, "ఇంతింత సోఫాలు ఎవరికిరా? నేను పట్టుకుని లేవడానికి ఒక్క కమ్మీ లేదేం?" అంది.

బావగారు మాట్లాడలేదు. కాసేపాగి జేబులోంచి కొటేషన్ తీసి, గ్రానైటు దగ్గర ఒక గీత, టీవీ దగ్గర ఒక గీత, నక్షత్రాల దగ్గర ఒక గీత గీశారు.

ఆ రాత్రి మంచానికీ సోఫాకీ మధ్య తెర కట్టి, ఇంటి నుంచి తెచ్చిన కమోడ్ కుర్చీ వేశాం. మందుల షాపుల్లో దొరికేదే. పక్కనే కోడలు ఉంది, తెర ఉంది, ఎవరూ తొందరపెట్టరు. పదింటికి అత్తయ్య నీళ్లు అడిగింది. గ్లాసుడు తాగి, ఇంకో గ్లాసు అడిగింది. ప్రయాణంలో ఆమె అడిగి నీళ్లు తాగడం నేను కాపురానికొచ్చాక చూడటం అదే మొదటిసారి.

కొనే ముందు అయిదు ప్రశ్నలు

1. ఏడాదికి ఎన్ని రాత్రులు వాడతాం? తక్కువైతే ముందు అద్దెకు తీసుకుని చూడండి.

2. మా ఇంట్లో ఎవరికైనా ఫ్యాక్టరీ మోడల్ తీర్చలేని అవసరం ఉందా? ఉంటేనే కస్టమ్. ఆ మనిషిని కూర్చోబెట్టి కొలతలు తీయించండి. అలంకరణ కోసమైతే ఫ్యాక్టరీ మోడలే తీసుకుని మంచి దుప్పట్లు కొనుక్కోవచ్చు.

3. టైప్ అప్రూవల్ కాగితం ఉందా? మీరు కోరిన మార్పులు దానికి లోబడే ఉన్నాయా?

4. నీళ్లు, గ్యాసు నింపి, మనుషులు ఎక్కాక ఒక్కో ఇరుసు మీద ఎంత బరువు? వేబ్రిడ్జి చీటీ చూపించాకే ఆఖరి విడత అని ఒప్పందంలో రాయించండి.

5. దారిలో ఆగిపోతే ఎవరు వస్తారు? ఇంజనుకు, కరెంటుకు, నీళ్ల పైపులకు విడివిడిగా అడగండి.

బావగారు బండి కొనలేదు. మానేశానని కూడా అనరు, వాయిదా వేశానంటారు. పెద్దమొత్తం సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీములో పెట్టారు. 2023 ఏప్రిల్ నుంచి అందులో 30 లక్షల దాకా పెట్టుకోవచ్చు. మూడు నెలలకోసారి వచ్చే వడ్డీని "అమ్మ బండి ఖాతా" అంటున్నారు. కార్తీకంలో అదే రకం బండిని ఎనిమిది రాత్రులకు అద్దెకు తీసుకుని బాలాసోర్, భువనేశ్వర్ మీదుగా ఊరికి బయల్దేరాం. మంచం పక్కన ఒక కమ్మీ బిగించడానికి బండి యజమాని ఒప్పుకున్నాడు.

ఊళ్లో బండి మా పాత ఇంటి ముందు ఆపితే, పిల్లలు సినిమా హీరో వచ్చాడనుకుని చుట్టూ మూగారు. తలుపు తీశాక అత్తయ్యను చూసి కొంచెం నిరాశపడ్డారు. ఆవిడ మాత్రం కమ్మీ పట్టుకుని నిలబడి, ఎదురింటి అరుగు వైపు చూస్తూ, "ఆ వేపచెట్టు కొట్టేశారేం?" అని అడిగింది. కొడుకులిద్దరూ కుర్చీ దింపడానికి వెళ్లేదాకా అలాగే నిలబడే ఉంది.